అంచు మీద మొదలయ్యే వాక్యం: ఒక రాగి టోకెన్ కోసం నా వెతుకులాట

న్యూజెర్సీకి వచ్చాక నేను కూడబెట్టిన పాత రాగి బిళ్లలన్నింటిలో నన్ను ఎక్కువ కాలం తిప్పించుకున్నది, టాల్బట్, ఆల్లమ్ అండ్ లీ అనే న్యూయార్క్ వర్తక సంస్థ 1794లో విడుదల చేసిన ఒక సెంటు టోకెన్. ఫిలడెల్ఫియా టంకశాల సెంట్లు ముద్రించడం మొదలుపెట్టి అప్పటికి ఏడాదే అయింది. బజారులో చిల్లరకు కటకటగా ఉన్న ఆ రోజుల్లో, భారతదేశంతో ఓడ వ్యాపారం చేసే ఈ సంస్థ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తన సొంత బిళ్లలు కొట్టించుకుంది.

మొదటిసారి ఫొటో చూసి కొని మోసపోయాను. చేతికొచ్చిన బిళ్ల కొత్త చెంబులా ఎర్రగా మెరిసింది. భూతద్దం కింద ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు కనిపించాయి. ఎవరో దాన్ని రుద్ది తోమారు. రెండు వందల ఏళ్లు దాటిన రాగి సాధారణంగా ముదురు గోధుమ రంగుకు మారుతుందని నాకప్పటికి తెలియదు, అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత అంచు చూపించనిదే ఏదీ కొనకూడదని నిర్ణయించుకున్నాను. 1794 టోకెన్ అంచు మీద ‘పేయబుల్ ఎట్ ద స్టోర్ ఆఫ్’ అని ఉంటుంది, సంస్థ పేరేమో ఓడ బొమ్మ ఉన్న ముఖం మీద ఉంటుంది. అంటే దుకాణంలో చెల్లుతుందన్న హామీ అంచు మీద మొదలై ముఖం మీద పూర్తవుతుంది. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అమ్మేవాటిలో ఈ అక్షరాలు సరిగా కనిపించవు కాబట్టి, విడి బిళ్ల కోసమే ఓపిక పట్టాను. చివరికి ఒక నాణేల ప్రదర్శనలో దొరికింది. సరుకు మూట పక్కన నిలబడ్డ స్వేచ్ఛాదేవి ముఖం అరిగిపోయింది గానీ, బిళ్లను వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా తిప్పుతుంటే అంచు మీది అక్షరాలు ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చాయి. అడిగిన ధర ఇచ్చేశాను.

అదే ప్రదర్శనలో మరో వింత చూశాను. సంస్థ దగ్గర మిగిలిన టోకెన్లను 1795లో టంకశాల కొని, చిన్నవిగా కత్తిరించి, వాటి మీదే అర సెంట్లు ముద్రించింది. అద్దం వెనక ఉన్న అలాంటి అర సెంటు మీద, కొత్త ముద్ర చాటున పాత అక్షరాల చారలు ఇంకా మిగిలి ఉన్నాయి. ప్రస్తుతం దాని కోసం డబ్బు దాస్తున్నాను.