మా బుజ్జి సీటు, మా అత్త పొయ్యి

విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) కింద ప్రైవేటు బడిలో బీదవాళ్ల పిల్లలకి ఇచ్చే సీటుని ఫ్రీ సీటని మా వీధిలో ఇప్పటికీ అంటారు. మా అమ్మాయి బుజ్జికి వచ్చిన ఆ ఫ్రీ సీటుకి మూడేళ్లలో నేను కట్టిన ఫీజు 19,500 రూపాయలు. వ్యాను, పుస్తకాలు, టై, బెల్టు ఇందులో కలపలేదు. మొన్న ఎదురింటామె తన కూతురికి ఫారం నింపి పెట్టమని వచ్చింది. ఆమెకి నోటితో చెప్పబోతే సగం మరిచిపోతున్నాను. అందుకే మొదటినుంచి రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, నాగావళి ఒడ్డున ఊరు. మా ఆయన ఏడాదిలో తొమ్మిది నెలలు చెన్నైలో ఉంటారు, సెంట్రింగ్ పని. నేను ఇంట్లో మిషను కుడతాను. మా అత్త ఊళ్లో గవర్నమెంటు ప్రాథమిక బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నెలకి 3,000 గౌరవ వేతనం. "గౌరవం ఎక్కువ, ఏతనం తక్కువ" అని ఆవిడే నవ్వుతుంది.

2022లో 117 జీవో అని ఒకటి వచ్చింది. దాని ప్రకారం మా బడిలోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని దగ్గర్లోని హైస్కూల్లో కలిపేశారు. మా బాబు అప్పుడే మూడులోకి వచ్చాడు, వాడూ హైస్కూలుకి వెళ్లిపోయాడు. ఊళ్లో బడికి మిగిలింది ఒకటి, రెండు తరగతులు, ఒక మాష్టారు. నలభై దాటి ఉండే పిల్లలు ఇరవై నలుగురయ్యారు. వంటకి ఒక లెక్క ఉంది: ఇరవై అయిదు మంది దాకా ఒక వంటమనిషి, ఇరవై ఆరు నుంచి వంద దాకా ఇద్దరు. దాంతో అత్తకి తోడుగా వండే పిన్ని ఇంట్లో కూర్చుంది. అన్నం డేక్సా దించడానికి రెండో చెయ్యి లేదు. మాష్టారే వచ్చి ఓ పక్క పట్టుకునేవారు.

ఆ మాష్టారు మంచి మనిషి. కానీ ఆయన రెండు క్లాసులకి పాఠం చెప్పాలి, హాజరు యాప్‌లో ఎక్కించాలి, మరుగుదొడ్డి ఫొటో తీయాలి, గుడ్ల ఫొటో తీయాలి. 2023 మార్చిలో రాగిజావ మొదలయ్యాక దాని లెక్కా చేరింది. మా బుజ్జికి ఆ జూన్ 1 నాటికి అయిదేళ్లు నిండుతాయి. ఒకటో తరగతి ఎక్కడ అన్న ఆలోచన అప్పుడే పట్టుకుంది.

చిత్రం ఏమిటంటే ఆర్టీఈ సంగతి నాకు చెప్పింది ఆ మాష్టారే. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ప్రైవేటు బళ్లు ఒకటో తరగతిలో నూటికి పాతిక సీట్లు బీదవాళ్ల పిల్లలకి ఇవ్వాలని అందులోనే ఉంది. సుప్రీంకోర్టు కూడా 2012లో సరేనంది. మన రాష్ట్రంలో ఆ సీట్లు నిజంగా ఇవ్వడం మొదలైంది మాత్రం 2022-23లో. ఇదంతా ఆయన బల్లమీద సుద్దముక్కతో గీస్తూ చెప్పారు.

"మీ బడిలో పిల్లల్ని మీరే పంపించేస్తారేటి మాష్టారూ?" అన్నాను.

"నా పిల్లలు శ్రీకాకుళంలో ప్రైవేటులో చదువుతున్నారమ్మా. నీ పిల్లని ఇక్కడే ఉంచమని ఏ నోటితో చెప్పను?" అన్నారు.

ఆ మాట అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. అలా అనే మాష్టార్లు తక్కువ.

ఇక కాగితాలు. బుజ్జి ఆధార్, నా ఆధార్, రేషన్ కార్డు, పుట్టిన తేదీ సర్టిఫికెట్, కులం, ఆదాయం. పల్లెల్లో ఆదాయం ఏడాదికి లక్షా ఇరవై వేలు దాటకూడదు. చెన్నై కూలి ఒక నెల ఉంటుంది, వాన పడితే ఉండదు. దాన్ని ఏడాది లెక్కలోకి తేవడానికి వీఆర్వో గారికీ నాకూ రెండు పూటలు పట్టింది. బుజ్జిది నీలం ఆధార్, చిన్నపిల్లలకి వేలిముద్రలు లేకుండా ఇచ్చేది. అందులో ఇంటిపేరు ఒక తీరుగా ఉంది, పుట్టిన సర్టిఫికెట్‌లో ఇంకో తీరుగా ఉంది. ఒక్క ఇంగ్లీషు అక్షరం తేడా. ఆ అక్షరం కోసం మండల కేంద్రానికి మూడుసార్లు ఆటో ఎక్కాను. మొదటిరోజు కరెంటు లేదు, రెండోరోజు సర్వర్ లేదు, మూడోరోజు బుజ్జికి జ్వరం. జ్వరంతోనే తీసుకెళ్లాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ కుర్రాడు ఓపికగా ఫారం ఎక్కించాడు. ముందు కిలోమీటరు లోపు బళ్లు, తర్వాత మూడు కిలోమీటర్ల లోపువి. మాకు కిలోమీటరు లోపు ప్రైవేటు బడే లేదు. రెండున్నర కిలోమీటర్లలో మెయిన్ రోడ్డు మీద ఒకటుంది, అదే పెట్టించాను. పాతిక శాతంలోనూ వాటాలున్నాయి: ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, అనాథలు, దివ్యాంగులు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలకి 5, మిగతా బీసీ, మైనారిటీ, ఓసీ పేదలందరికీ కలిపి 6. క్లాసులో ముప్పై సీట్లుంటే మా వాటాకి రెండు కూడా నిండుగా రావు. ఆ సీట్లు తీసేది లాటరీలో. లాటరీ అంటే నమ్మకం లేక నేను అరసవల్లి వెళ్లి మొక్కుకున్నాను. దేవుడి వల్లో కంప్యూటర్ వల్లో తెలీదు, మెసేజ్ వచ్చింది.

ఆ సాయంత్రం అత్తకి చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆపలేదు.

"మంచిదే. గుంటది ఇంగ్లీసు మాట్లాడుద్ది. మాకు బిల్లు పిల్లల తలకాయల లెక్కన ఇస్తారు కదేటి? ఒక్క గుంట తగ్గితే బిల్లు తగ్గుద్ది. పొయ్యిలోకి కర్రలు తగ్గవు."

అంతే అంది. తర్వాత ఈ విషయం మీద చాలామంది చాలా మాట్లాడగా విన్నాను గానీ, ఆ కర్రల మాటకి నాకింకా జవాబు దొరకలేదు.

ప్రైవేటు బడికి సీటు కాగితం పట్టుకెళ్తే ప్రిన్సిపాల్ మేడమ్ ముందు బయట బెంచీ మీద గంట కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక, వాళ్ల మామూలు ఫీజు 22,000 అనీ, మా పిల్లకి ప్రభుత్వం ఖాయం చేసింది 6,500 అనీ చెప్పారు. అప్పట్లో ఆర్టీఈ సీటుకి టౌన్లలో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 అని పెట్టారు. "మిగతాది మేమే భరించాలి. ఆ 6,500 కూడా మాకు గవర్నమెంటు ఇవ్వదు, మీరే ఇవ్వాలి" అన్నారు. నేను తెల్లమొహం వేశాను.

ఇంటికొచ్చి మాష్టారిని అడిగితే విడమరిచారు. కేంద్ర చట్టంలో రాసింది వేరు. సర్కారు తన బడిలో ఒక పిల్లకి పెట్టే ఖర్చు, ఆ ప్రైవేటు బడి ఫీజు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది సర్కారే బడికి తిరిగివ్వాలి. మన దగ్గర ఆ డబ్బుని అమ్మఒడికి ముడిపెట్టారు. అమ్మఒడి అంటే పిల్లల్ని బడికి పంపే తల్లికి అప్పటి ప్రభుత్వం ఏటా ఇచ్చిన డబ్బు. అది తల్లి ఖాతాలో పడేది, పడిన అరవై రోజుల్లో తల్లి బడికి కట్టాలి. అమ్మఒడి పిల్లలెందరున్నా తల్లికి ఒక్కటే. నాకు అది మా బాబు పేరున వచ్చేది. అంటే గవర్నమెంటు బడిలో చదివే అన్న డబ్బుతో ప్రైవేటులో చదివే చెల్లి ఫీజన్నమాట.

2023 జూన్ 28న ముఖ్యమంత్రి కురుపాం వచ్చి బటన్ నొక్కారు. మా ఊరినుంచి కూడా బస్సుల్లో వెళ్లారు. తర్వాత నా ఖాతాలో 13,000 పడింది, మిగతా 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకి పోయింది. పడిన పదోరోజున 6,500 బడిలో కట్టి రసీదు తీసుకున్నాను. వ్యానుకి నెలకి 900. ఈ వ్యాను సంగతి ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ చెప్పలేదు.

అసలు తిప్పలు 2024లో. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. అమ్మఒడి పేరు పోయింది, ఇంట్లో ఎందరు పిల్లలుంటే అందరికీ ఇస్తామన్న తల్లికి వందనం ఇంకా మొదలవలేదు. ఆ ఏడాది ఏ పేరుతోనూ రూపాయి రాలేదు. కానీ బడి ఫీజుకి ఎన్నికలతో పని లేదు కదా. దసరా సెలవుల ముందు ఒకసారి, డిసెంబర్లో ఒకసారి బుజ్జి డైరీలో ఎర్రసిరాతో రాసి పంపారు. రెండోసారి దాని ప్రోగ్రెస్ కార్డు ఆపేశారు. పిల్ల ఏడ్చింది. డ్వాక్రా సంఘం పొదుపులోంచి 3,000 అప్పు తీసుకుని కట్టాను. బడివాళ్లని పూర్తిగా తప్పు పట్టలేను. వాళ్ల టీచర్లకి ఇచ్చేది కూడా అంతంతమాత్రమే, నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే టీచరమ్మ జీతం నా మిషను మీద వచ్చేదానికంటే పెద్ద ఎక్కువేం కాదు. కానీ ఆరేళ్ల పిల్ల కార్డు ఆపడం ఏం పద్ధతి?

2025 జూన్ రెండో వారంలో తల్లికి వందనం పడింది. ఇద్దరికీ వేరువేరుగా, 13,000 చొప్పున. పాత బాకీ 3,500, కొత్త ఏడాది 6,500, డ్వాక్రాకి 3,000. బుజ్జి పేరున వచ్చింది బుజ్జికే సరిగ్గా సరిపోయింది. ఖాతాలో నాలుగు రోజులుంది ఆ డబ్బు. బ్యాంకు మెసేజ్ మాత్రం ఇంకా ఫోన్లో ఉంది, చెరపలేదు.

మొన్న సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు టెక్సాస్ నుంచి వచ్చాడు. ఇదంతా విని, "మా దగ్గర కూడా ఇదే గొడవ చెల్లీ, దాన్ని వోచర్ అంటారు" అన్నాడు. అక్కడ 2025 మేలో గవర్నర్ సంతకం పెట్టాడట, వంద కోట్ల డాలర్ల పథకం, ప్రైవేటు బడికి వెళ్లే పిల్ల పేరున ఏడాదికి పదివేల డాలర్ల పైనే. మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త 1955లోనే రాశాడట: సర్కారు డబ్బు బడికి కాదు, పిల్లతో పాటు నడవాలి, అప్పుడు బళ్లు పోటీ పడి బాగుపడతాయని. అన్నయ్య దానికే మొగ్గు. పండక్కి పలకరించడానికొచ్చిన మాష్టారు అరుగు మీద కూర్చుని వింటున్నారు.

"పోటీ పడడానికి మా ఊళ్లో ఇంకో బడి ఏదీ బాబూ?" అన్నారు. "డబ్బు నడుస్తాది సరే, పిల్ల కూడా వ్యాను ఎక్కాలి కదా."

అన్నయ్య నవ్వాడు. టెక్సాస్‌లో కూడా ఆ బిల్లుని ఏళ్ల తరబడి అడ్డుకున్నది పల్లెల నుంచి గెలిచినవాళ్లేనట, అధికార పార్టీ వాళ్లే. వాళ్ల ఊళ్లలో ఉన్నది ఒక్క సర్కారు బడే, అది పల్చబడితే ఊరికి ఇంకేం మిగలదని వాళ్ల భయం. ఆ మాట విని అత్త వంటింట్లోంచి, "ఆల్లకీ కర్రల పొయ్యేనేటి?" అంది. అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వు సగంలో ఆగిపోయింది.

నన్నడిగితే ఏమంటానా? బుజ్జి మూడో తరగతిలో ఇంగ్లీషు పాఠం గడగడ చదువుతుంది. ఎక్కాలు మాత్రం దానికంటే మా బాబుకి ఆ వయసులో బాగా వచ్చేవి. వాడికి అవి ఊరి బడిలో మాష్టారే నేర్పారు. సీటు ఎనిమిదో తరగతి దాకా ఉంటుంది, తీసేయను. తీసేస్తే అది ఇంకొకరికి వెళ్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు. కానీ మాష్టారికి తోడు ఇంకొకరిని 2023లోనే వేసి ఉంటే నేను మండల కేంద్రానికి ఆ మూడు ఆటోలూ ఎక్కేదాన్ని కాదు. చట్టంలో అరవై మంది లోపు పిల్లలకి ఇద్దరు టీచర్లని రాసే ఉంది. పాతిక శాతం సీట్లు రాసిన చట్టమే అది కూడా.

2025లో 117 జీవో తీసేశాక మా బడికి మూడు, నాలుగు, అయిదు తిరిగొచ్చాయి. రెండో టీచరమ్మ వచ్చింది. పిల్లలు ముప్పై దాటారు, వంటకి పిన్నిని మళ్లీ పిలిచారు. అత్త ముఖంలో వెలుగు చూడాలి. డేక్సాకి మళ్లీ రెండో చెయ్యి దొరికింది.

ఎదురింటామె నిన్న కాగితాలన్నీ సంచిలో వేసుకుని వచ్చింది. వాళ్ల పిల్ల ఆధార్‌లో కూడా ఇంటిపేరు తేడాయే. కుట్టుమిషను బల్ల మీద పెట్టి ఫారం చూస్తుంటే అత్త గుమ్మంలో నిలబడింది.

"ఆ గుంటని కూడా అట్టుకుపోతన్నావేటే?"

"నేను తీసుకెళ్లడమేంటత్తా, ఆమె అడిగింది."

"అడుగుద్ది. దానికేటి తెలుసు."

నిజమే. ఒక తెల్లకాగితం తీసి ఏయే సర్టిఫికెట్లు కావాలో వరసగా రాశాను. కింద గీత గీసి, ఫీజు ఎంత, పథకం డబ్బు రాని ఏడాది ఎక్కడనుంచి తేవాలి, పుస్తకాలు ఎంత, వ్యాను నెలకి ఎంత అన్నీ వేశాను. వ్యాను ఈ ఏడాది 1,100. పక్కనే, ఊరి బడిలో ఇప్పుడు ఇద్దరు టీచర్లున్నారని కూడా రాశాను. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, వాళ్లాయన రాత్రి ఫోన్ చేస్తే అడిగి చెప్తానంది.