బ్రాసోతో తోమిన సైటు

ముందు నేను చేసిన వెధవ పని చెప్పేస్తాను, దాని వల్లే ఈ ప్రయాణం ఇంత గుర్తుండిపోయింది. లండన్ క్రాయిడన్‌లో మా పక్కింట్లో ఎనభై దాటిన ఒకావిడ ఉంటారు. భర్త పోయి రెండేళ్ళు. ఆయన రైఫిల్‌ని అప్పుడే లైసెన్సున్న డీలరు వచ్చి తీసుకెళ్ళాడట గానీ, వంటింటి సొరుగులో ఒక చిన్న చెక్కపెట్టె మిగిలిపోయింది. మా నాన్న పోలీసు అని ఎప్పుడో చెప్పాను కాబట్టి, ఇదేంటో చూసి పెట్టు, పారేయాలా, ఎవరైనా కొంటారా అని నా చేతిలో పెట్టారు.

తెరిచి చూస్తే అరచేతిలో పట్టేంత నల్లటి లోహపు వస్తువు. రెండు నాబ్‌లు, సన్న గీతలతో కొలబద్దలు, కన్ను ఆనించి చూడడానికి చిన్న కన్నం ఉన్న గుండ్రటి బిళ్ళ. అడుగున మడిచిన పాత కార్డు ఒకటి. నాబ్‌ల మీద జిడ్డు గట్టిపడి ఉంది. అనంతపురం పోలీసు క్వార్టర్స్‌లో పెరిగినవాడికి లోహం నల్లబడి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మా నాన్న ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో హెడ్ కానిస్టేబుల్, ఆదివారం వచ్చిందంటే బెల్టు బకిల్, టోపీ బ్యాడ్జీ నాతోనే తోమించేవాడు. ఇంట్లో బ్రాసో డబ్బా ఉంది. పెద్ద నాబ్‌ని పది నిమిషాలు తోమాను. తళతళా మెరిసింది. ఫోటో తీసి నాన్నకి వాట్సాప్‌లో పెడితే "బాగుందిరా, దేనిదది?" అన్నాడు.

అదే ఫోటో మా ఆఫీసులో ఒక నెల్లూరు అబ్బాయికి చూపించాను. నాలుగేళ్ళుగా షూటింగ్ క్లబ్బులో మెంబరు. చూడగానే తల పట్టుకున్నాడు. "అన్నా, ఇది నెంబర్ ఫోర్ రైఫిల్ సైటు, అంటే గురి చూసే పరికరం. ఇంక దేన్నీ ముట్టుకోవద్దు. అక్టోబరులో బిస్లీ షూటింగ్ రేంజిలో పాత రైఫిళ్ళ మీటింగు ఉంది, అక్కడ తెలిసినవాళ్ళకి చూపిద్దాం."

సైటు ఒక్కటే తీసుకెళ్ళడానికి ఇక్కడ ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. రైఫిల్ అయితే పోలీసులిచ్చిన సర్టిఫికెట్టులో ఒక్కొక్కటీ రాసి ఉండాలి. అయినా రైల్లో ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే నాకు ఎందుకో టెన్షన్.

వాటర్లూలో ఎక్కితే బ్రూక్‌వుడ్ సుమారు ముప్పావు గంట. స్టేషన్‌కి ఒక పక్క శ్మశానం, ఇంకో పక్క బిస్లీ వెళ్ళే దారి. ఆ శ్మశానం 1854లో తెరిచింది, ఒకప్పుడు లండన్ నుంచి శవాల కోసం ప్రత్యేకంగా రైలు నడిచేదట. జంషెడ్జీ టాటా సమాధి అందులోనే ఉంది. చూద్దామంటే మా వాడు ఒప్పుకోలేదు, మళ్ళీ వద్దాం అని కారెక్కించాడు. (ఇంతవరకూ వెళ్ళలేదు.)

బిస్లీ క్యాంపు చూడగానే నాకు మన పాత ఫారెస్టు బంగళాలు, రైల్వే ఇన్‌స్టిట్యూట్లు గుర్తొచ్చాయి. చెక్క వరండాలు, తెల్లరంగు కమ్మీలు, రేకుల కప్పులు. 1860లో వింబుల్డన్ మైదానంలో మొదలైన రైఫిల్ అసోసియేషన్ పోటీలు 1890లో ఇక్కడికి మారాయి, ఆ తర్వాత ఊరు పెద్దగా మారినట్టు లేదు. ఇక్కడ ఇచ్చే కప్పుల్లో ఒకదాని పేరు కొల్హాపూర్ కప్పు. కొల్హాపూర్ రాజు రాజారాం 1870లో ఇంగ్లండు వచ్చి, తిరుగు ప్రయాణంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో చనిపోయాడు. ఆయన ఇచ్చిన కప్పు కోసం 1871 నుంచి జట్లు పోటీపడుతున్నాయి. ఎర్ర జెండా ఎగురుతోంది, అంటే కాల్పులు జరుగుతున్నాయని. దూరంగా మట్టిగట్టు కింద టార్గెట్లు దిగి, గుండు తగిలినచోట బిళ్ళ పెట్టుకుని మళ్ళీ పైకి లేస్తున్నాయి. మా నాన్న చెప్పే వార్షిక ఫైరింగ్‌లోనూ బట్‌లో, అంటే టార్గెట్ల కింది గుంటలో, కూర్చున్నవాళ్ళ పని ఇదే, కాకపోతే మనవాళ్ళు అక్కడి నుంచి బూతులు కూడా కేకేసేవారట.

రేంజికి పక్కన టేబుళ్ళు వేసుకుని పాత సామాన్లు అమ్ముతున్నారు. మా వాడు నన్ను నేరుగా ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎర్రటి ముక్కు, చేతుల్లేని కోటు, మెడలో రెండు కళ్ళజోళ్ళు. నేను పెట్టె తెరిచాను. ఆయన మెరుస్తున్న నాబ్ చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ నాబ్‌ని చూశాడు. ఏమీ అనలేదు. తిడితేనే బాగుండేది.

తర్వాత నిదానంగా మొదలుపెట్టాడు. ఇది పార్కర్ హేల్ కంపెనీ 5సి, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన నెంబర్ 4 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కోసం చేసింది. పక్కనే తన టేబుల్ మీదున్న ఇంకోటి చూపించాడు, నా కళ్ళకి రెండూ ఒకటే. అది ఎ.జె. పార్కర్ కంపెనీ 4/47, అదీ నెంబర్ 4 సైటే. రెండు పేర్లలోనూ పార్కర్ ఉంది, రెండూ బర్మింగ్‌హామ్ కంపెనీలే, కానీ వేరువేరు. కొత్తగా కొనేవాళ్ళు దీని మరలు దానికి, దాని మరలు దీనికి కొనుక్కుని డబ్బు పోగొట్టుకునేది ఇక్కడేనట. ఏ సైటు ఏ రైఫిల్‌దో తెలుసుకోవడానికి ఊహలు అక్కర్లేదు, ముందు మీద కొట్టిన అక్షరాలు చదవాలి, తర్వాత అది రైఫిల్‌కి ఎక్కడ బిగుస్తుందో చూడాలి. 5సి గొప్పతనం ఏమిటంటే రైఫిల్‌కి కొత్తగా రంధ్రం వేయనక్కర్లేదు, ముందే ఉన్న స్క్రూ రంధ్రాల్లోనే ఎడమ పక్కన బిగించుకోవచ్చు. ఆ బిగించే స్క్రూలు మామూలువి కావు, అవి పోతే సైటు చేతిలో ఉన్నా లేనట్టే. మా పెట్టెలో అవి లేవు. నాకు గుండె జారింది. పెద్దాయన పెట్టెకి అడుగున ఉన్న గుడ్డ గోటితో ఎత్తాడు, కింద ఉన్నాయి.

సైటుని పరీక్షించే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. నాబ్ తిప్పితే ఒక్కో క్లిక్కుకి గురి పావు మినిట్ జరగాలి. మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, 100 గజాల దగ్గర అంగుళం కంటే కాస్త ఎక్కువ, 1000 గజాల దగ్గర పదిన్నర అంగుళాలు. అంటే ఒక్క క్లిక్కు తేడా అంత దూరంలో రెండున్నర అంగుళాలు దాటుతుంది. ఆయన ఇరవై క్లిక్కులు పైకి, ఇరవై కిందికి తిప్పి గీత మొదటి చోటికే వచ్చిందో లేదో చూశాడు. తర్వాత నాబ్‌ని తిప్పకుండా వేళ్ళతో అటూ ఇటూ ఆడించాడు, లోపల మర అరిగి వదులైతే అక్కడ తెలిసిపోతుంది. రైఫిల్‌కి పక్కకి పొడుచుకుని ఉంటుంది కాబట్టి కింద పడితే ముందు వంగేది సైటు చెయ్యే, అందుకని దాన్ని టేబుల్ అంచుకి ఆనించి ఒక కన్ను మూసి చూశాడు. గట్టిపడ్డ జిడ్డు గురించి అడిగితే, అది తప్పే కాదట, కాస్త నూనె చాలు. తోమడం తప్పు. అసలు నల్లపూత, గీతల్లో నింపిన తెల్లరంగు పోతే కొనేవాడు ధర తగ్గిస్తాడు. అప్పుడు మాత్రం నవ్వాడు.

నేను సైటు ఒక్కదాని కోసం వెళ్ళాను గానీ మిగతా మధ్యాహ్నమంతా రైఫిళ్ళ దగ్గరే గడిచింది. ఇక్కడి టార్గెట్ రైఫిళ్ళలో చాలాకాలం నడిచినవన్నీ సైన్యం నుంచి వచ్చినవే, యుద్ధంలో వాడిన యాక్షన్‌కి (తూటాని లోపల మూసే బోల్టు కదిలే ఇనప భాగం) మంచి బ్యారెల్, కన్నం సైటు పెట్టి పోటీలకి తయారుచేసేవారు. 1930లో మార్జరీ ఫాస్టర్ అనే ఆవిడ బిస్లీలో అన్నిటికంటే పెద్దదైన రాజుగారి ప్రైజు గెలిచిన మొదటి మహిళ అయింది. 1960ల చివర్లో మన త్రీ నాట్ త్రీని పక్కనపెట్టి 7.62 మిల్లీమీటర్ల తూటాకి మారారు, అప్పుడు చాలామంది పాత నెంబర్ 4లకే కొత్త బ్యారెళ్ళు వేయించుకున్నారు. ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ తానే సైన్యం పోటీల కోసం ఎల్39, బయటివాళ్ళ కోసం ఎన్వాయ్ చేసింది. ఒక ప్రైవేటు గన్‌స్మిత్ మార్చిన నెంబర్ 4కీ, ఫ్యాక్టరీ ఎన్వాయ్‌కీ దూరం నుంచి తేడా తెలియదు, ధర దగ్గరికొచ్చేసరికి మాత్రం బాగా తెలుస్తుంది.

నెంబర్లు చూడమన్నాడు పెద్దాయన. యాక్షన్ మీద, బోల్టు పిడి మొదట్లో, ముందు చెక్క కింద, మూడుచోట్లా ఒకే నెంబరు ఉంటే అది పుట్టినప్పటి జత. ఇది వినగానే నాకు నాన్న గుర్తొచ్చాడు. రిటైరై పదిహేనేళ్ళయినా తన రైఫిల్ నెంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాడు, పెళ్ళిరోజు మాత్రం అమ్మ గుర్తుచేయాలి. తర్వాత ప్రూఫ్ ముద్రలు. 7.62కి మార్చిన ప్రతి బ్యారెల్‌నీ లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఎక్కువ ఒత్తిడి తూటాతో పరీక్షించి ముద్ర కొట్టాలి, ముద్ర లేకపోతే అమ్మడానికి వీల్లేదు. నెంబర్ 4 బోల్టు వెనకవైపు తాళం పడుతుంది, మౌజర్ రకంలా ముందు కాదు, అందుకే 7.62లో ఎలాంటి తూటా వాడుతున్నామో చూసుకోవాలి, వానలో తడిసిన తూటా అసలే పెట్టకూడదు, బోల్టు మీద తోపు పెరుగుతుంది.

మరైతే అంత దృఢం కానిదాన్ని ఎందుకు పట్టుకుని వేలాడారు అని అడిగాను. అడగాల్సిన ప్రశ్న అదేనట, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. వెనక తాళం వల్ల పేలినప్పుడు యాక్షన్ కొద్దిగా సాగి బ్యారెల్ మూతి పైకి ఊగుతుంది. నెమ్మదిగా వెళ్ళే గుండు కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది, అప్పటికి మూతి ఇంకొంచెం పైకెత్తి ఉంటుంది. అందుకని దూరం వెళ్ళేసరికి నెమ్మదైన గుండూ, వేగమైన గుండూ దాదాపు ఒకే ఎత్తులో తగులుతాయి. అందుకే 300, 500, 600 గజాలకి పి14 పట్టుకెళ్ళి, 900, 1000 గజాలకి నెంబర్ 4 తీసేవాళ్ళు ఉండేవారట. పి14 మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికాలో వించెస్టర్, రెమింగ్టన్, ఎడ్డీస్టోన్ ఫ్యాక్టరీల్లో చేసింది, తాళం ముందువైపు, దృఢమైనది. టార్గెట్ కోసం మార్చినప్పుడు దాని సైటుకి రెండువైపులా ఉన్న చెవులు కోసేసేవారు. సైన్యపు రైఫిల్ సేకరించేవాడికి ఆ కోత కనిపిస్తే ప్రాణం పోతుంది, షూటర్‌కి అదే కావాలి. ఒకే రైఫిల్‌కి ఇద్దరు కొనేవాళ్ళు రెండు ధరలు చెప్పడం అందుకే.

బెంగాల్లోని మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ గురించి కూడా మాట వచ్చింది. 1960ల్లో మనవాళ్ళు లీ ఎన్‌ఫీల్డ్‌లోనే పాత రకమైన నెంబర్ 1 ఆకారంలో, మెరుగైన ఉక్కుతో 7.62 రైఫిల్ చేశారని, దాని 12 తూటాల మ్యాగజీన్ చతురస్రంగా ఉంటుందని ఆయనే నాకు చెప్పాడు. నేను మన ఊళ్ళలో ఆసాముల దగ్గర .315 ఎందుకు ఉండేదో చెప్పాను, సర్కారు తూటా పట్టే తుపాకి మామూలు జనానికి ఇవ్వరు కదా. అది ఆయనకి తెలియదు. మొత్తానికి ఒక పాయింటు నాకు.

అక్కడే ఇంకో టేబుల్ మీద ఒక నెంబర్ 4 కనిపించింది, యాక్షన్ ఎడమ గోడ మీద పెద్ద టి అక్షరం, అంటే స్నైపర్ రైఫిల్ అని అర్థం, ధర కూడా అలాగే ఉంది. మా వాడి కళ్ళు మెరిశాయి. పెద్దాయన మా వెనకే వచ్చి గొంతు తగ్గించి, వీటిని స్నైపర్లుగా మార్చిన హాలండ్ అండ్ హాలండ్ వాళ్ళ ఎస్51 ముద్ర ఎక్కడుందో చూడు, టెలిస్కోపు నెంబరు కుందా (వెనక చెక్క) మెడ మీద కొట్టి ఉందా చూడు అన్నాడు. రెండూ లేవు. టి మాత్రం నిన్న కొట్టినంత కొత్తగా ఉంది. మేం మాట్లాడకుండా టీ తాగడానికి వెళ్ళిపోయాం.

చివరికి కార్డు సంగతి. అందులో పెన్సిల్‌తో 300 నుంచి 1000 దాకా గజాలు, ఎదురుగా సైటు ఎక్కడ పెట్టాలో మినిట్లు. అన్ని దూరాలకీ మధ్య తేడా చూసి పెద్దాయన ఇది త్రీ నాట్ త్రీ తూటా లెక్క, 7.62 అయితే ఇంత ఎత్తక్కర్లేదు అన్నాడు. అంటే పక్కింటావిడ భర్త 7.62కి మారకముందే ఈ సైటుతో 1000 గజాలు కాల్చాడు. కార్డు విడిగా అమ్మొద్దు, పెట్టెతోనే ఉంచమన్నాడు. ధర అడిగితే స్క్రూలు, కన్నం బిళ్ళ, పెట్టె అన్నీ ఉన్నాయి కాబట్టి తను 120 పౌండ్లు ఇస్తానన్నాడు, నా బ్రాసో పని లేకపోయుంటే 150.

తిరిగొచ్చి పక్కింటావిడకి అంతా చెప్పాను, ముప్పై పౌండ్ల సంగతితో సహా, ఆ ముప్పై నేనే ఇస్తానని కూడా. ఆవిడ సొమ్ము సంగతి పట్టించుకోలేదు. 1000 గజాలంటే ఎంత దూరమని అడిగారు. మా వీధి చివర చర్చి దాటి ఇంకా అవతలికి అన్నాను. కాసేపు కిటికీలోంచి ఆ వైపు చూసి, మనవళ్ళు తెలియక పారేయకుండా పెట్టెలో ఒక చీటీ రాసి పెట్టమన్నారు. రాశాను. పార్కర్ హేల్ 5సి, నెంబర్ 4 రైఫిల్‌ది, స్క్రూలు గుడ్డ కింద ఉన్నాయి, దయచేసి తోమకండి.