అమ్మ చెయ్యి స్విచ్చు మీద పడకుండా

సంక్రాంతి సెలవులు అయ్యాక మా ఇంట్లో టీవీకి మాట మింగే జబ్బు పట్టుకుంది. కథలో అసలు సంగతి బయటపడే చోటికి వచ్చేసరికి గది మూగబోయేది. రెండు మూడు సెకన్లు పెదవులు ఆడుతూనే ఉండేవి. తర్వాత స్పీకర్లను నడిపే రిసీవర్ పెట్టె లోపల 'టక్' మని చప్పుడు, మళ్లీ మాటలు. పది పదిహేను నిమిషాలకొకసారి ఇదే తంతు. అమ్మకు ఎనభై దాటాయి. తన చెవులే పోతున్నాయనుకుని నెల రోజులు ఎవరికీ చెప్పకుండా లోలోపల కుమిలిపోయింది. చివరికి ఒకరోజు మా ఆవిడ దగ్గర నోరు విప్పింది. "మాకూ వినపడటం లేదు అత్తమ్మా" అన్న మాట విన్నాక గానీ ఆమె ముఖంలో కళ రాలేదు.

మాది నల్లగొండ రామగిరిలో పాత ఇల్లు. ముందు గదిలో ఐదు స్పీకర్లు, దుమ్‌దుమ్ మనే మంద్ర శబ్దాలకు ఒక సబ్‌వూఫర్, వాటన్నింటినీ నడిపే రిసీవర్. పదవీ విరమణ డబ్బుతో నేను చేసిన ఒకే ఒక దుబారా అది. ఎనిమిదేళ్లు పల్లెత్తు మాట పడకుండా పనిచేసింది.

ప్రకాశం బజార్ దగ్గరి మెకానిక్ వచ్చి చూశాడు. "వైరు పోయింది సార్" అని కొత్త హెచ్‌డీఎంఐ వైరు వేశాడు. జబ్బు తగ్గలేదు. రెండోసారి వచ్చి "బోర్డు పోయింది సార్, హైదరాబాద్ పంపించాలి" అన్నాడు. పది కిలోల పెట్టెను ఒళ్లో పెట్టుకుని వంద కిలోమీటర్లు బస్సులో వెళ్లడం తలుచుకుంటేనే నడుము పట్టేసింది. ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాడిని, ముందు తప్పెక్కడుందో నేనే తేల్చుకుందామనుకున్నాను.

సెట్‌టాప్ బాక్సును నేరుగా రిసీవర్‌కు కలిపి ఒక సాయంత్రమంతా వార్తలు విన్నాం. ఒక్క మాట పోలేదు. టీవీలోనే ఉన్న సినిమా యాప్‌లు పెడితే మాత్రం జబ్బు తిరగబెట్టేది. అప్పుడు శబ్దం టీవీలో పుట్టి, అదే హెచ్‌డీఎంఐ వైరులో వెనక్కి ప్రయాణించి రిసీవర్‌కు చేరుతుంది. ఈ తిరుగుదారి పేరు ఏఆర్‌సీ. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. టీవీ సెట్టింగుల్లో శబ్దాన్ని కుదించి మూటకట్టి పంపే డాల్బీ నుంచి, విప్పే పనిలేకుండా నేరుగా పంపే పీసీఎంకు మార్చి చూశాను. ఆ రాత్రి సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా ఆగలేదు, కానీ వెనక స్పీకర్లు నోరు తెరవలేదు. పాత ఏఆర్‌సీ దారిలో పీసీఎం రెండు చానళ్లకే పరిమితం మరి. వైరు మంచిదే, స్పీకర్లు మంచివే, బోర్డూ మంచిదే. టీవీ పంపే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను విప్పి చదివే దగ్గరే రిసీవర్ తడబడుతోంది. జనవరిలో టీవీ తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుంది. రిసీవర్‌లో ఉన్నది కొన్ననాటిదే. ఒకరి యాస మారింది, రెండోవారికి అర్థం కావడం లేదు.

కంపెనీ సైటులో మా మోడల్ పేరు వెతికితే ఫర్మ్‌వేర్, అంటే రిసీవర్ లోపలి సాఫ్ట్‌వేర్, కొత్త కూర్పు కనపడింది. కింద మార్పుల జాబితాలో 'టీవీ నుంచి వచ్చే శబ్దం మధ్యలో ఆగిపోయే లోపాన్ని సరిచేశాం' అని ఒక వాక్యం. మూడు నెలల మా గోడు ఆ ఒక్క ముక్కలో ఉంది! ఒకే మోడల్‌కు దేశాలను బట్టి వేర్వేరు ఫైళ్లు ఉంటాయి కాబట్టి పెట్టె వెనక రేకు మీది అక్షరాలను టార్చి వేసి చదువుకుని, వాటికి సరిపోయేదే దించుకున్నాను.

రిసీవర్‌ను ఇంటర్నెట్‌కు కలిపితే అదే తెచ్చుకుంటుందని మా అబ్బాయి అన్నాడు. మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ సర్వర్ దొరకలేదంది. ఇక మిగిలింది పెన్‌డ్రైవ్ దారి.

అది నడిచిన దారి కాదు, పాకిన దారి. బజారుకు వెళ్లి 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. ఫైలు వేసి గుచ్చితే 'ఫైలు లేదు' అంది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతుల్లో ఈ రిసీవర్‌కు తెలిసింది 1996 నాటి ఫ్యాట్32 ఒక్కటే. కొత్త పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది, దాన్ని ఫ్యాట్32కు మార్చే వీలును నా కంప్యూటర్ చూపించనే లేదు. అమ్మ భజన పాటలు దాచుకున్న పాత 8 జీబీ ముక్కను బతిమాలి తీసుకున్నాను. పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి మళ్లీ గుచ్చాను. మళ్లీ 'ఫైలు లేదు'. జిప్ విప్పినప్పుడు ఫైలు ఒక ఫోల్డర్ లోపల కూర్చుందట, దాన్ని బయటికి లాగాను. అయినా అదే మాట. అరగంట జుట్టు పీక్కున్నాక చూస్తే ఫైలు పేరు చివర బ్రాకెట్లలో 1 అని ఉంది. తొందరలో రెండుసార్లు దించుకున్నాను కదా, రెండోదానికి కంప్యూటర్ ఆ తోక తగిలించింది. రిసీవర్ వెతికేది కంపెనీ పెట్టిన పేరు కోసమే, అక్షరం తేడా వచ్చినా పరాయిదే. తోక కోసేశాను. 'కొత్త కూర్పు దొరికింది, మొదలుపెట్టాలా?' అని అడిగింది.

మొదలుపెట్టలేదు. ఎందుకంటే అప్పుడు మే నెల, సాయంత్రం ఐదు గంటలు. గుట్ట మీదుగా దుమ్ము లేస్తోంది. గాలిదుమారం వస్తే మా వీధిలో ముందు పోయేది కరెంటే. పాత సాఫ్ట్‌వేర్ చెరిపేసి కొత్తది రాస్తున్నప్పుడు కరెంటు పోతే రిసీవర్ మళ్లీ లేవకపోవచ్చు. సగం చెరిపిన పలక మీద ఏ అక్షరం ఉందని చదువుతుంది? అప్పుడు నిజంగానే పెట్టె ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాలి.

మర్నాడు పొద్దున ఐదింటికి లేచాను. టీవీ గోడ దగ్గరి ప్లగ్గుకు ఇన్వర్టర్ కలపలేదు కాబట్టి, పడగ్గదిలో ఇన్వర్టర్ లైను నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాను. ఇన్వర్టర్ వెనక చిన్న మీటను యూపీఎస్ వైపు తిప్పాను. మామూలు పద్ధతిలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు ఫ్యాన్లకు పట్టనంత చిన్న ఖాళీ వస్తుంది, ఇలాంటి పెట్టెలు ఆరిపోవడానికి అదే చాలు. ఆ తర్వాత ప్రమాదం ఒకటే, మా అమ్మ. మనుషులు లేని గదిలో వెలుగుతున్నది ఏదైనా సరే ఆర్పడం ఆమె జీవిత వ్రతం. స్విచ్చు మీద అట్టముక్క పెట్టి టేపు అంటించి, పెద్ద అక్షరాలతో 'ముట్టవద్దు' అని రాశాను. ఆమె పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకోదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మీట నొక్కగానే టీవీ తెర నల్లబడింది. రిసీవర్ ముందు భాగంలో అంకెలు మాత్రం కదులుతున్నాయి. ముప్పై శాతం దాకా పరుగున వెళ్లి ఆగిపోయింది. ఐదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. చెయ్యి దురద పెట్టింది కానీ ఆపితే చేజేతులా చంపినట్టే. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. "రాత్రంతా టీవీ ఆర్పలేదా బిడ్డా? తెర నల్లగా ఉన్నా కరెంటు కాలుతుంది" అంటూ అట్టముక్కను గోటితో లేపుతోంది. నేను అరిచిన అరుపుకు మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, "చెవులు బాగానే వినపడుతున్నాయిరా, అంత అరవకు" అంది.

మొత్తం ఇరవై రెండు నిమిషాలు. తనంతట తానే ఆరిపోయి, వెలిగి, 'పూర్తయింది' అని చూపించింది. మెనూలో కూర్పు సంఖ్య మారింది. సినిమా పెడితే మాటలు ఎక్కడా తెగలేదు, కానీ అన్నీ ఏదో బావిలోంచి వస్తున్నట్టున్నాయి. నా పాత సెట్టింగులన్నీ చెరిగిపోయాయి. స్పీకర్లన్నీ 12 అడుగుల దూరంలో ఉన్నాయనుకుంటోంది రిసీవర్. శబ్దం మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది కదా, ఏ స్పీకర్ ఎంత దూరంలో ఉందో తెలిస్తేనే అన్నింటి చప్పుడూ ఒకేసారి చెవికి చేరేలా సర్దగలదు.

పెట్టెతో వచ్చిన చిన్న మైకును స్టూలు మీద పాఠ్యపుస్తకాలు పేర్చి చెవి ఎత్తులో నిలబెట్టాను. కొలత తీయాలంటే గది నిశ్శబ్దంగా ఉండాలి, అంటే ఫ్యాన్ ఆపాలి. మే నెల నల్లగొండలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం ఏమిటో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. గుట్టలు రాత్రంతా కక్కిన సెగ తెల్లవారినా ఇళ్లలోనే ఉంటుంది. మొదటిసారి కుక్కర్ కూత వేసింది, 'చుట్టూ శబ్దం ఎక్కువగా ఉంది' అని రిసీవర్ ఆగిపోయింది. రెండోసారి ఉప్పు బండివాడు. మూడోసారికి చొక్కా పిండుకునే స్థితిలో పని పూర్తయింది. సబ్‌వూఫర్ 14 అడుగుల దూరంలో ఉందంది, టేపు పెడితే 9 అడుగులే. దీన్ని సరిచేయకూడదు. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ శబ్దాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్నే రిసీవర్ దూరంగా లెక్క వేసుకుంటుంది.

ఇంతా చేస్తే పెదవులకూ మాటకూ ఇంకా పొత్తు కుదరలేదు. పెదవులు ముందు, మాట వెనక. ఫర్మ్‌వేర్‌ను తిట్టుకుంటూ సాయంత్రం అబ్బాయికి ఫోన్ చేశాను. "టీవీలో ఆడియో డిలే, అదే శబ్దాన్ని ఆలస్యం చేసే సెట్టింగు, ఎంత ఉంది నాన్నా?" అన్నాడు. చూస్తే 150 మిల్లీసెకన్లు. స్పీకర్‌ను యాభై మీటర్ల అవతల, అంటే మా వీధి చివర పెట్టి విన్నట్టు! మార్చిలో జబ్బు కుదరక కనపడిన మీటలన్నీ తిప్పినప్పుడు అది నేను పెట్టిందే. సున్నాకు దించగానే మాట పెదవి మీదికి వచ్చి కూర్చుంది.

"అంత ఎవరు పెట్టారు నాన్నా?" అని అడిగాడు.

"మెకానిక్ అయి ఉంటాడు" అన్నాను. పక్కనే ఉన్న అమ్మ నా వైపు అదోలా చూసింది. ఆమెకు ఇప్పుడు అన్నీ స్పష్టంగా వినపడుతున్నాయి.