పర్లాకిమిడిలో షోపాన్ ఎట్యూడ్ సాధన: నా అనుభవం

పియానో స్వరకర్త షోపాన్ రాసిన ఓపస్ 10 అనే సంపుటిలో రెండో ఎట్యూడ్ (వేళ్ల సాధన కోసం రాసిన కృతి) 49 బార్లే, అంటే 49 తాళపు ఆవర్తనాలే. కుడిచేతి నడిమి, ఉంగరపు, చిటికెన వేళ్లు మూడే క్రొమాటిక్ స్కేలును (తెల్ల, నల్ల కీలన్నీ వరసగా వచ్చే స్వరక్రమాన్ని) ఎక్కిస్తూ దించుతూ పోవాలి. అదే చేతి బొటనవేలు, చూపుడువేలు ప్రతి బీటు మొదట చిన్న కార్డు (ఒకేసారి మోగే స్వరాల గుత్తి) కొట్టి వదిలెయ్యాలి. అసలు వేగం నిమిషానికి 144 బీట్లు, బీటుకు నాలుగు స్వరాలు. అంటే సెకనుకు తొమ్మిదిన్నర దాటుతాయి.

మా వైపు చాలామందిలాగే నేనూ హార్మోనియం నుంచి పియానోకి వచ్చాను. హార్మోనియంలో మెట్టు నొక్కి ఉంచినంతసేపే స్వరం ఉంటుంది, బలం తిత్తిది. పియానోలో సుత్తి తీగను తాకాక వేలు ఎంత అదిమినా ఒరిగేదేమీ లేదు. కీ కిందికి దిగేది సుమారు పది మిల్లీమీటర్లు. అడుగుకు చేరాక కూడా అదిమే అలవాటే ఈ ఎట్యూడ్‌లో చేతిని బిగించేస్తుంది. మొదట్లో ఉంగరపు వేలికి బలం లేదనుకుని దానికే కసరత్తు చేయించాను. అసలు తప్పు బొటనవేలిది. కార్డు కొట్టాక అది కీని వదలకపోతే అరచేయి మొత్తం బిగుసుకుంటుంది, పై మూడు వేళ్లూ కదలవు. పైగా ఆ మూడు వేళ్లను ఎత్తే స్నాయువులు చేతి వెనక ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఉంగరపు వేలిని విడిగా ఎత్తాలని పంతం పడితే మిగిలేది నొప్పే.

ఎక్కేటప్పుడు నేను పెట్టుకున్న వేళ్లు ఇవి (బొటనవేలు 1 నుంచి చిటికెన వేలు 5 దాకా లెక్క): నల్ల కీలన్నిటికీ 4; బి, ఇ అనే తెల్ల కీలకు 5; మిగతా తెల్ల కీలకు 3. బి నుంచి సి కి, ఇ నుంచి ఎఫ్ కి పోయేచోట నడిమి వేలు చిటికెన వేలి మీదుగా దాటాలి. తడబాటంతా ఈ రెండు చోట్లే. మోచేయి ఒంటికి కాస్త దగ్గరగా జరిపితే వేళ్లు కుడివైపు చూస్తాయి, నడిమి వేలు లోపలికి, చిటికెన వేలు బయటికి వస్తాయి. అప్పుడు దాటడం తేలిక. చేతిని నల్ల కీల మధ్యకు జరిపి ఉంచాలి. తెల్ల కీల అంచున వాయిస్తే ప్రతి నల్ల కీకీ ముందుకూ వెనక్కూ లాగాల్సి వస్తుంది.

సాధన వరస: ముందు స్కేలు ఒక్కటే, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) 60 మీద, 1, 2 వేళ్లు గాలిలో వదులుగా. తర్వాత స్కేలు తీసేసి ఎడమచేతితో కలిపి కుడి కార్డులు మాత్రమే, ముట్టుకుని వదిలేసినంత పొట్టిగా. ఈ రెండూ కుదిరాకే కలపాలి.

కలిపినప్పుడే పెద్ద చిక్కు. అలంకారాలు మూడు కాలాల్లో పాడిన అలవాటుతో 36, 72, 144 అని రెట్టించుకుంటూ పోదామనిపిస్తుంది. ఇక్కడ అది పనిచెయ్యలేదు. నెమ్మదిగా వాయించేటప్పుడు ప్రతి వేలికీ విడిగా బరువు వేస్తాం, వేగంలో అందుకు వ్యవధి ఉండదు. కదలికే వేరు. అందుకని ఐదేసి స్వరాల ముక్కలు చేసుకున్నాను: ఒక బీటులోని నాలుగు, తర్వాతి బీటు మొదటి స్వరం కార్డుతో సహా. 120 మీద ఒక్క విసురులో వాయించి, రెండు బీట్లు చేయి పూర్తిగా వదిలెయ్యడం. ముక్క వదులుగా వచ్చాక రెండు ముక్కలు, ఆపైన బారు. పూటకు పదిహేను నిమిషాలు, రోజుకు రెండు పూటలు, అంతే. ముంజేయి బయటివైపు మంట మొదలైతే అక్కడే ఆపెయ్యాలి. ఆ మంటతో సాగదీస్తే మర్నాడు సాధనే ఉండదు.

వాద్యం మాట కూడా చెప్పాలి. మా వానాకాలపు తేమకు అసలు పియానోలో కీల ఫెల్ట్ ఉబ్బి కీలు ఇరుక్కుంటాయి, సరిచేసే మనిషి ఊళ్లో దొరకడు. నాది 88 వెయిటెడ్ కీలు (అసలు పియానో కీల్లా బరువుగా దిగేవి) ఉన్న డిజిటల్ పియానో. సౌండ్ తగ్గించి వాయిస్తే తెలియకుండానే గట్టిగా కొడతాం, కాబట్టి మధ్యస్థంగా ఉంచుకోవాలి. స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ తప్పులు కప్పేస్తుంది, సాధనలో దాన్ని ముట్టుకోను. కరెంటు పోయినప్పుడు మాత్రం లేవకుండా వాయించండి. స్వరం లేకుండా కీల టకటకలే వినబడతాయి. కార్డు ఆలస్యమైందా, ఉంగరపు వేలు స్వరాన్ని మింగేసిందా అన్నది స్వరంతో కంటే అప్పుడే బాగా తెలుస్తుంది. నా రెండో బారులో నాలుగో బీటు ప్రతిసారీ ముందుకు తోసుకొస్తోందని అలాగే పట్టుకున్నాను.

పదకొండు నెలలకు 126 దగ్గర మొదటి భాగం, తిరిగి వచ్చే చివరి భాగం నిలకడగా ఉన్నాయి. మధ్య భాగంలో స్వరస్థానాలు త్వరత్వరగా మారి కార్డుల ఆకారం చేతికి అలవాటు పడనివ్వదు. దాన్ని విడిగా 108 మీద పెట్టి, మళ్లీ ఐదేసి స్వరాల ముక్కలతోనే కడుతున్నాను.