చీములో పెరిగిన ఆ ‘సూడోమోనాస్’ను పారేయకండి

వానాకాలం. యాభై దాటిన మనిషి. షుగర్ ఉంది, మందులు సరిగా వేసుకోడు. పొలం పనో, మట్టి పనో చేస్తాడు. మూడు వారాలుగా జ్వరం, కొద్దిగా దగ్గు, బరువు తగ్గిపోతున్నాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనపడింది. కఫంలో టీబీ క్రిములు దొరకలేదు, అయినా టీబీ మందులు మొదలుపెట్టారు. జ్వరం తగ్గలేదు. కడుపు స్కాన్ చేస్తే ప్లీహంలో నాలుగైదు చిన్న చీముగడ్డలు. మెడికల్ వార్డుల్లో పనిచేసేవాళ్లకి ఇలాంటి కేస్‌షీట్ కొత్తేమీ కాదు. ఇక్కడ గుర్తుకు రావలసిన పేరు మెలియాయిడోసిస్. చాలాసార్లు అది గుర్తుకు రాదు. ల్యాబులోనూ దీని క్రిమిని ‘సూడోమోనాస్’ అనే మరో బ్యాక్టీరియా అనుకుని పక్కన పెట్టేస్తారు.

దీన్ని కలిగించే బ్యాక్టీరియా బర్ఖోల్డేరియా సూడోమాలై. తడి నేలలో, వరిచేల నీళ్లలో బతుకుతుంది. కాలి పగుళ్లలోంచి, దెబ్బల్లోంచి ఒంట్లోకి పోతుంది. శుద్ధి చేయని నీళ్లు తాగినా, గాలివానలో లేచే తుంపరలు పీల్చినా కూడా రావచ్చు. దీన్ని మొదట పట్టుకున్నది 1911లో రంగూన్‌లో, ఆల్ఫ్రెడ్ విట్‌మోర్, ఆయన సహాయకుడు సి. ఎస్. కృష్ణస్వామి. శవపరీక్షల్లో ఊపిరితిత్తులు చూస్తే టీబీ కాదు, క్రిమి చూస్తే అప్పటిదాకా ఎవరూ వర్ణించనిది. అంటే ఈ జబ్బు కథ మొదలైనదే టీబీలా కనపడి టీబీ కాకపోవడంతో. నూరేళ్లు దాటినా తికమక అక్కడే ఉంది.

2016లో వచ్చిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి సుమారు 1,65,000 మందికి ఈ జబ్బు వస్తోంది, 89,000 మంది చనిపోతున్నారు. అందులో దక్షిణాసియా వాటా అన్నిటికంటే పెద్దది. 2025 సెప్టెంబరులో గుంటూరు జిల్లా తురకపాలెం మరణాల వార్తలతో ఈ పేరు మన పత్రికల్లో బాగా వినపడింది. మణిపాల్, వెల్లూరు, పుదుచ్చేరి వంటి చోట్ల కేసులు ఎక్కువగా నమోదవుతాయి. అక్కడి నేల వేరు, మన నేల వేరు అని నేననుకోను. అక్కడి ల్యాబులు దీనికోసం వెతుకుతాయి, అందుకే దొరుకుతుంది.

ఎవరిలో అనుమానించాలి? అన్నిటికంటే ముందు షుగర్ ఉన్నవాళ్లలో. రోగుల్లో సగానికి పైగా వాళ్లే. తర్వాత మద్యం ఎక్కువగా తాగేవాళ్లు, కిడ్నీ జబ్బు లేదా పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, తలసీమియా పిల్లలు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు. ఎక్కువగా న్యుమోనియాతో వస్తారు. కొందరు ఒక్కరోజులో బీపీ పడిపోయి ఐసీయూకి చేరతారు, కొందరు నెలల తరబడి టీబీ రోగిలా తిరుగుతారు. కాలేయంలో గదులు గదులుగా ఉన్న చీముగడ్డ, ప్లీహంలో ఒకటికి మించిన గడ్డలు, మోకాల్లో చీము, పిల్లల్లో చెవి కింద లాలాజల గ్రంథి చీము పట్టడం, మగవాళ్లలో ప్రోస్టేట్ గడ్డ: ఇందులో ఏది షుగర్‌తో, వానాకాలంతో కలిసి వచ్చినా కల్చర్ (నమూనాలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పంపేటప్పుడు ఈ పేరు రాయండి. ప్రోస్టేట్ గురించి మళ్లీ చెప్తాను, ఎందుకంటే అది తరచూ చూపు తప్పించుకుంటుంది. మూత్రం ఆగిపోవడం, మంట లాంటివి లేకపోయినా గడ్డ ఉండవచ్చు. జబ్బు ఖాయమైన ప్రతి పెద్దవాడికి కడుపుతో పాటు కటి భాగం కూడా స్కాన్ చేయాలి.

నిర్ధారణకి ఇప్పటికీ కల్చరే ప్రమాణం. ఒకసారి చేసిన కల్చర్ పదిమందిలో ఆరుగురిలోనే దొరుకుతుంది కాబట్టి ఎక్కువ చోట్ల నుంచి, ఒకటికి రెండుసార్లు నమూనాలు తీయాలి. యాంటీబయాటిక్ మొదటి డోసుకి ముందే రెండు చేతుల నుంచి రక్తం, ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. దాంతోపాటు కఫం, మూత్రం, గొంతు స్వాబ్, ఎక్కడైనా చీము ఉంటే అది కూడా. దగ్గు లేకపోయినా గొంతు స్వాబ్ పంపాలి, మూత్రంలో ఇబ్బంది లేకపోయినా మూత్రం పంపాలి. చీముని దూదిపుల్లకి అంటించి కాదు, సిరంజిలోనో శుభ్రమైన డబ్బాలోనో పంపండి. గడ్డలోంచి తీసిన ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్‌లో వేస్తే కథ ముగిసినట్టే. పాథాలజీ నుంచి ‘గ్రాన్యులోమా, టీబీతో పొసగుతోంది’ అని రిపోర్టు వస్తుంది, పెంచి చూడ్డానికి బతికున్న క్రిమి మిగలదు. సగం ఫార్మలిన్‌లో, సగం స్టెరైల్ సెలైన్‌లో పంపాలి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష మీద ఆధారపడొద్దు. జబ్బు లేనివాళ్లలో పాజిటివ్, ఉన్నవాళ్లలో నెగటివ్ రెండూ వస్తాయి.

ఇక ల్యాబులో జరిగేది. గ్రామ్ స్టెయిన్‌లో, అంటే క్రిములకి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, రెండు కొసలు ముదురుగా, నడుమ వెలితిగా, పిన్నీసులా కనిపించే గ్రామ్ నెగటివ్ బాసిల్లై (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా). 24 గంటలకి బ్లడ్ అగార్ (క్రిములు పెరగడానికి రక్తం కలిపి చేసిన ప్లేటు) మీద చిన్న నున్నటి కాలనీలే, అంటే క్రిముల గుంపులే ఉంటాయి, చూడగానే ఏ ప్రత్యేకతా తోచదు. ముడతలు పడి పొడిబారడం 48 నుంచి 72 గంటలకి మొదలవుతుంది. మర్నాడు పొద్దున్నే ప్లేట్లు చూసి పారేసే ల్యాబులో ఇది దొరకదు. కఫం, గొంతు స్వాబ్ లాంటి నమూనాల్లో మామూలు క్రిములు దీన్ని కప్పేస్తాయి కాబట్టి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉండే యాష్‌డౌన్ అగార్ ప్లేటు వాడి, ఏడు రోజులదాకా ఉంచాలి. అది లేనిచోట కనీసం మామూలుగా వాడే మెకాంకీ ప్లేటును నాలుగైదు రోజులు అట్టిపెట్టండి.

ఆక్సిడేజ్ అనే చిన్న రసాయన పరీక్ష పాజిటివ్ వచ్చిందనగానే చాలామంది ‘సూడోమోనాస్ జాతి’ అని రాసేస్తారు. గొంతు స్వాబ్‌లో అయితే కంటామినెంట్ (పొరపాటున కలిసిన క్రిమి) అని పక్కన పెడతారు. ఆటోమేటిక్ యంత్రాలు దీన్ని బర్ఖోల్డేరియా సెపేసియా అనే దీని బంధువుగా చెప్పవచ్చు. మాల్డీ-టాఫ్ (క్రిమి ప్రోటీన్లను బట్టి పేరు చెప్పే యంత్రం) అయితే డేటాబేసును బట్టి బర్ఖోల్డేరియా థాయిలాండెన్సిస్ అనే మరో బంధువుగా చెప్పవచ్చు. ఈ గందరగోళం విప్పడానికి పైసా ఖర్చు లేని ఉపాయం సెన్సిటివిటీ ప్లేటు (క్రిమి ఏ యాంటీబయాటిక్‌కి లొంగుతుందో చూసేది) మీదే ఉంది: జెంటామైసిన్‌కి లొంగదు, కొలిస్టిన్‌కి లొంగదు, కో-అమాక్సిక్లావ్‌కి లొంగుతుంది. మామూలు సూడోమోనాస్ ఎరుగినోసా దీనికి విరుద్ధంగా ఉంటుంది, కొలిస్టిన్‌కి లొంగి కో-అమాక్సిక్లావ్‌కి లొంగదు. ఆక్సిడేజ్ పాజిటివ్ గ్రామ్ నెగటివ్‌లో ఈ మూడూ కలిసి కనపడితే వార్డుకి ఫోన్ చేయండి, ఖాయం చేసుకోవడానికి లేటెక్స్ పరీక్షకో పీసీఆర్‌కో పంపండి. ఒక్క నమూనాలో ఒక్క కాలనీ పెరిగినా అది జబ్బే. గొంతులోనో చర్మం మీదో హాని చేయకుండా ఉండిపోయే మామూలు క్రిమి కాదిది. అనుమానం వచ్చాక ప్లేటు మూత తీసి వాసన చూడటం మానాలి, పనంతా సేఫ్టీ క్యాబినెట్‌లోనే చేయాలి.

అదే ప్లేటు మీద కో-ట్రైమాక్సజోల్ డిస్కు (మందు పట్టించిన చిన్న బిళ్ల) దగ్గర మరో పొరపాటు జరుగుతుంది. డిస్కు చుట్టూ క్రిమి పెరగని వలయం అంచు మసకగా ఉంటుంది, దాన్ని పెరుగుదలగా లెక్కేసి ‘రెసిస్టెంట్’ అని రాసేస్తారు. సుమారు 80 శాతం పెరుగుదల ఆగిన చోటు చూడాలి, సందేహం ఉంటే ఈ-టెస్ట్ (ఎంత మందుకి క్రిమి ఆగుతుందో కొలిచే పట్టీ పరీక్ష) చేయాలి. ఆ ఒక్క తప్పు మాటతో రోగి తర్వాత మూడు నెలలు వేసుకోవాల్సిన మందు మారిపోతుంది.

చికిత్సలో రెండు దశలు. మొదటిది నరంలోకి. సెఫ్టాజిడిమ్ 2 గ్రాములు ఆరు గంటలకోసారి, లేదా మెరోపెనెమ్ 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి. ఐసీయూలో ఉన్నవాళ్లకి మెరోపెనెమ్. మెదడుకి పాకితే 2 గ్రాముల చొప్పున. కిడ్నీ సరిగా లేకపోతే డోసు తగ్గించాలి. 1989లో థాయిలాండ్ పరిశోధనలో సెఫ్టాజిడిమ్ మరణాలను 74 శాతం నుంచి 37 శాతానికి దించింది. సెఫ్ట్రియాక్సోన్ దీనికి ప్రత్యామ్నాయం కాదు, ల్యాబులో లొంగినట్టు కనిపించినా రోగుల్లో ఫలితాలు బాగాలేవు. వ్యవధి కనీసం రెండు వారాలు. రెండు ఊపిరితిత్తులకీ పాకి రక్తంలోనూ ఉంటే, లేదా లోపల గడ్డలుంటే నాలుగు వారాలు. ఎముకకి ఆరు, మెదడుకి ఎనిమిది. చీము తీసినప్పుడు అందులో క్రిమి పెరిగితే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. కీళ్లు కడగాలి, పెద్ద ప్రోస్టేట్ గడ్డని ఖాళీ చేయాలి. కాలేయం, ప్లీహంలోని చిన్న చిన్న గడ్డలు చాలావరకు మందుతోనే కరుగుతాయి.

మన ఐసీయూల్లో సాధారణంగా జరిగే తప్పు ఇలా ఉంటుంది. సెప్సిస్ అని మెరోపెనెమ్ పెడతారు, రోగి కొంచెం కుదుటపడతాడు. కల్చర్ ‘సూడోమోనాస్’ అని వస్తుంది. ఏడో రోజుకి మందు ఆపి, సెఫిక్సిమ్ మాత్రలతో ఇంటికి పంపేస్తారు. తర్వాత అతను ఇంకో ఆసుపత్రిలో, ఇంకో పేరుతో చేరతాడు. దీనికి విరుద్ధమైన తప్పూ ఉంది. సరైన మందు నడుస్తుండగానే ఐదో రోజుకి జ్వరం తగ్గలేదని కొలిస్టిన్ కలపడం. ఈ జబ్బులో జ్వరం తగ్గడానికి తొమ్మిది రోజుల దాకా పట్టడం మామూలు, గడ్డలుంటే ఇంకా ఎక్కువ. మందు మార్చే ముందు మళ్లీ స్కాన్ చేసి తీయని చీము ఎక్కడుందో వెతకండి. రక్తం కల్చర్ నెగటివ్ అయ్యేదాకా వారానికోసారి పంపండి.

రెండో దశ మాత్రలు, కో-ట్రైమాక్సజోల్. 60 కిలోలు దాటినవాళ్లకి 160/800 మి.గ్రా. మాత్రలు పూటకి రెండు చొప్పున రోజుకి రెండుపూటలా. 40 నుంచి 60 కిలోల మధ్య పూటకి ఒకటిన్నర. మామూలుగా మూడు నెలలు, ఎముకకో మెదడుకో అయితే ఆరు. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. రోజూ. దీనికి డాక్సీసైక్లిన్ జతచేస్తే అదనపు లాభం లేదని 2014 నాటి థాయ్ పరీక్ష తేల్చింది. సల్ఫా (కో-ట్రైమాక్సజోల్ ఆ రకం మందే) పడనివాళ్లకి కో-అమాక్సిక్లావ్ ఉంది కానీ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

ఈ డోసు మామూలు ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చేదాని కన్నా ఎక్కువ. అందుకే ఇబ్బందులూ ఎక్కువే. మొదటి నెల వారానికోసారి రక్తకణాలు, క్రియాటినిన్, పొటాషియం చూడాలి. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులతో కలిస్తే పొటాషియం ప్రమాదకరంగా పెరుగుతుంది. గ్లిమిపిరైడ్‌తో కలిస్తే షుగర్ పడిపోవచ్చు. మన రోగుల్లో చాలామంది ఈ రెండూ వాడుతుంటారు కాబట్టి డిశ్చార్జి రోజే వాళ్ల పాత మందుల చీటీ సరిచూడాలి. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుండ్లు వస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మని చెప్పాలి. జీ6పీడీ లోపం (ఇలాంటి మందులతో ఎర్రకణాలు పగిలిపోయే పుట్టుక లోపం) ఉందేమో మొదలుపెట్టకముందే చూడటం మంచిది.

మూడు నెలలు పూర్తిచేయకపోవడమే జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం. నెల తిరిగేసరికి ఒంట్లో బాగుంటుంది, పొలం పిలుస్తుంది, మాత్రలు వాంతి తెప్పిస్తాయి. అందుకే డిశ్చార్జి సమ్మరీలో ‘సూడోమోనాస్ సెప్సిస్’ అని కాకుండా జబ్బు అసలు పేరు, మాత్రల ఆఖరి తేదీ రాయండి. ఇంటివాళ్లకి ఫోన్ నంబరు ఇవ్వండి. మనిషి నుంచి మనిషికి ఇది దాదాపు అంటుకోదు, పళ్లెం వేరు చేయక్కర్లేదని కూడా చెప్పండి. ఊళ్లో ఆ భయం రోగిని మందుల కంటే ఎక్కువ కుంగదీస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు దమ్ములోకి దిగేటప్పుడు గమ్‌బూట్లు వేసుకోవాలి, కాలి దెబ్బని కప్పుకోవాలి, నీళ్లు కాచి తాగాలి.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో పిల్లల దగ్గరికి వెళ్లే షుగర్ ఉన్న పెద్దవాళ్ల సంగతీ చెప్పాలి. క్రిమి ఒంట్లో నెలలు, ఏళ్లు అణిగి ఉండగలదు. 2021లో అమెరికాలో ఏ విదేశీ ప్రయాణమూ చేయని నలుగురికి ఈ జబ్బు వచ్చి ఇద్దరు చనిపోయారు. మూలం భారత్‌లో తయారైన ఒక సువాసన స్ప్రే సీసా అని తేలింది. అక్కడి వైద్యులకి ఇది ముందుగా తట్టే జబ్బు కాదు. అమ్మకో నాన్నకో తగ్గని న్యుమోనియా, చీముగడ్డ వస్తే వరి పండే ఊరి నుంచి వచ్చారని, షుగర్ ఉందని, మెలియాయిడోసిస్ చూడమని మీరే అడగండి. గతంలో ఈ జబ్బు వచ్చి తగ్గినవాళ్లయితే పాత డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. నమూనా తీసేటప్పుడే ల్యాబుకి ఆ సంగతి చెప్పాలి, అక్కడ ఈ క్రిమిని పెంచడానికి ప్రత్యేక భద్రతా నియమాలున్నాయి.