మెడా చంకా ఒకేసారి తగ్గించమన్న ప్యాటర్న్‌తో నా అనుభవం

స్వెట్టర్ ఎడమ ముందు భాగం ఈరోజే సూదుల మీంచి దిగింది. భుజం దగ్గర ప్యాటర్న్ (ఎలా అల్లాలో వరసవారీగా చెప్పే కాగితం) చెప్పిన 24 కుట్లూ సరిగ్గా వచ్చాయి. ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నాను.

అందులోని పొట్టి అక్షరాలు పెద్ద కష్టమేం కాదు. కె అంటే నిట్ (సీదా కుట్టు), పి అంటే పర్ల్ (ఉల్టా కుట్టు), కె2 టుగెదర్ అంటే రెండు కుట్లు కలిపి ఒకటి చెయ్యడం. బ్రాకెట్లలోని అంకెల్లో మన సైజుది ఏదో చూసుకుని, ప్యాటర్న్ మొత్తం దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టుకోవాలి. సూదిని మాత్రం మిల్లీమీటర్లలోనే చూడండి. 8వ నంబరంటే అమెరికా లెక్కలో 5 మి.మీ., పాత బ్రిటిష్ లెక్కలో 4 మి.మీ.

అసలు చిక్కు చంక దగ్గర వచ్చింది. చంక అంచున రెండు వరసలకోసారి ఒక కుట్టు చొప్పున 6 సార్లు తగ్గించాలట. అదే సమయంలో మెడ అంచున నాలుగు వరసలకోసారి 10 సార్లు తగ్గించాలట. ఏ వరసలో ఏది చెయ్యాలి, ఏది ఎప్పుడు ఆపాలి? క్లాసులో నేర్పే ఆవిడను అడిగాను. "ఇంతమాత్రం చదవడం రానివాళ్ళు మఫ్లర్లు అల్లుకుంటే సరిపోతుంది కదమ్మా" అంది, అందరి ముందూ. పక్కవాళ్ళు నవ్వారు. తల కొట్టేసినట్టయింది నాకు. తెలియకే కదా నేర్చుకోవడానికి వెళ్ళింది! వచ్చిన విద్యను విడమరిచి చెప్పలేనివాళ్ళు నేర్పడానికి కూర్చోకూడదు.

ఇంటికొచ్చి గళ్ళ కాగితం తీశాను. చంక దగ్గర కుట్లు మూశాక వచ్చే వరసకు 1 అని వేసి, 40 దాకా నంబర్లు రాశాను. చంక గడిలో 2, 4, 6, 8, 10, 12 దగ్గర టిక్కు. మెడ గడిలో 4, 8, 12 అలా 40 దాకా. అంతే, చిక్కు విడిపోయింది. 4, 8, 12 వరసల్లో రెండు వైపులా తగ్గాలి. 12 దాటాక చంక పని అయిపోతుంది, ఇక మెడ ఒక్కటే. 6, 10 కలిపితే 16. చంక దగ్గర మూశాక సూది మీద మిగిలిన 40 కుట్లలోంచి తీసేస్తే 24. నా గేజ్ 10 సెం.మీ.కి 22 కుట్లు, కాబట్టి భుజం దాదాపు 11 సెం.మీ. వస్తుందని అల్లకముందే తెలిసిపోయింది. ఈ పట్టిక నేనే వేసుకున్నాను, ఎవరూ చెప్పలేదు.

ప్యాటర్న్ రాసేవాళ్ళు దీన్నే అచ్చువేస్తే ఏం పోయింది? కాగితం మిగిల్చి అల్లేవాళ్ళను ఏడిపించడం న్యాయం కాదు.

కుడి భాగానికైతే "షేపింగ్ తిప్పి చెయ్యండి" అని, అంటే ఈ తగ్గింపులనే అద్దంలో చూసినట్టు అటుదిటు చెయ్యమని, ఒక్క ముక్కే రాశారు. ఎడమ భాగంలో స్వెట్టర్ బయటికి కనిపించే వైపు అల్లే వరస చంక దగ్గర మొదలై మెడ దగ్గర ముగుస్తుంది. కుడి భాగంలో మెడ దగ్గర మొదలవుతుంది. అందుకని చంకకు వాడిన ఎస్‌ఎస్‌కె (రెండు కుట్లను ఎడమకు వాలేలా కలపడం) ఇప్పుడు మెడకు, మెడకు వాడిన కె2 టుగెదర్ చంకకు. దానికీ పట్టిక వేసేశాను, రేపు కుట్లు ఎక్కిస్తాను. ఆ క్లాసుకు మాత్రం ఇక వెళ్ళను.