కాలువా, నదా?

శనివారం. పొద్దున వాన వెలిశాక అమ్మని లండన్‌లోని మోర్డెన్ హాల్ పార్కుకి తీసుకెళ్లాను. వాండిల్‌ని చూసి, "ఇదేనా నువ్వు చెప్పిన నది?" అంది. రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి. గోదావరి చూసిన కళ్లకి ఇది పిల్లకాలువే మరి. క్రోయిడన్ వైపు పుట్టి వాండ్స్‌వర్త్ దగ్గర థేమ్స్‌లో కలిసేదాకా పొడవు మొత్తం 14 కిలోమీటర్లు.

నాకు పౌరుషం వచ్చింది. వాన నీళ్లు సుద్దరాతి పొరల్లోకి ఇంకి ఊటలుగా పైకొస్తాయని, అందుకే ఇంత తేటగా ఉంటాయని, ఇలాంటి ఏరుల్లో చాలావరకు ఇంగ్లండులోనే ఉన్నాయని మొదలుపెట్టాను. 1960ల్లో దీన్ని మురుగుకాలువ కింద జమకట్టేశారనీ, ఇప్పుడు ట్రౌట్ చేపలు మళ్లీ ఈదుతున్నాయనీ కూడా చెప్పాను. అమ్మ దృష్టంతా ఒడ్డున ఉన్న నీటిచక్రం మీదే. ఒకప్పుడు ఇక్కడ ముక్కుపొడి ఆడించేవాళ్లని చెప్తే మాత్రం నవ్వింది. "మీ తాతయ్యకి తెలిస్తే ఇక్కడే మకాం పెట్టేవాడు."

వంతెన పక్కన నారాయణ పక్షి నిలబడి ఉంది. బూడిదరంగు, మెడ లోపలికి ముడుచుకుని. పది నిమిషాలు కదల్లేదు. ఎవరో మర్చిపోయిన గొడుగేమో అనిపించింది. ఉన్నట్టుండి మెడ సాగింది, నీళ్లు చిట్లాయి, ముక్కుకి అడ్డంగా వేలెడు చేప. దాన్ని రెండుసార్లు విదిలించి, తల ముందుకొచ్చేలా తిప్పుకుని మింగింది. గొంతులోంచి చేప దిగడం బయటికి కనిపించింది. అమ్మ కూడా గుటకేసింది.

పైన చెట్లలో రామచిలకల గోల. మన చిలకలే, లండన్‌లో స్థిరపడిపోయాయి. "వీటికి వీసా ఎవరిచ్చారే?" అంది. నా వీసా రెన్యువల్ టెన్షన్ గుర్తొచ్చి నేను నవ్వలేకపోయాను.

దాని గురించే ఫోన్‌లో మెయిల్ చూస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకు లాగింది. తలెత్తేసరికి ఏమీ లేదు.

"లకుముకి పిట్ట. నీళ్ల మీదుగా ఇలా పోయింది."

ఆరేళ్లుగా ఈ ఒడ్డున నడుస్తున్నాను. ఒక్కసారీ కనబడలేదు. అమ్మ వచ్చి మూడు వారాలు. నమ్మబుద్ధి కాక, "నిజంగానా? ఎలా ఉంది?" అన్నాను.

"మన వీధిలో కరెంటు తీగ మీద కూర్చునేదాని కంటే చిన్నది. గుండె తెల్లగా లేదు, పొట్టంతా నారింజ రంగు."

సరిగ్గా అదే.